మా మెట్లు

చెక్క అడ్డుగోడకు అవతల తమ్ముడి గొంతు మొదలైంది గాని, మాటలు ఇంకా విడివడలేదు, తడి కాగితం మీద సిరా పారినట్టు ఒకదానిలోకి ఒకటి పాకుతున్నాయి, అది కోపమో మామూలు గొంతో పోల్చుకోవడం కూడా కష్టంగానే ఉంది, ఆ గొంతు దగ్గరగా విని ఎనిమిది నెలలైంది మరి. మధ్యవర్తి గది బయట బల్ల మీద కూర్చున్న అక్క, ఒళ్ళో ఉన్న మూడు పేజీల ఒడంబడిక నమూనాను మరోసారి సర్దుకుని, కిటికీ అవతలి ఎండను చూస్తున్నట్టు మెడ తిప్పుకుంది. తలుపు దగ్గర రిజిస్టరు ముందేసుకుని కూర్చున్న పెద్దావిడ ఇందాకే అడిగింది, మీలో పెద్ద ఎవరు అని. నేనే అంటే, "అయితే చిన్నవాళ్ళు ముందు. పెద్దవాళ్ళు ముందెళ్తే చిన్నవాళ్ళకి చెప్పడానికి ఇంకేం మిగలదు" అని తమ్ముణ్ణి లోపలికి పంపింది. అతను ఆమె ముందు నుంచే నడిచి వెళ్ళాడు, అక్క మొహం చూడలేదు, మోకాలి వైపు మాత్రం ఒక్క చూపు చూసి పోయాడు. మధ్యవర్తి మొదట ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడుతుందట, తరవాత ఇద్దర్నీ కలిపి కూర్చోబెడుతుందట. "ఇక్కడ కూర్చుంటే లోపలి మాటలన్నీ వినబడతాయమ్మా" అని పెద్దావిడ కళ్ళు రిజిస్టరులోనే ఉంచి చెప్పింది, "వినబడనట్టు కూర్చోవడమే మర్యాద." అందుకని ఆమె వినబడనట్టు కూర్చుంది. ఈ మూడో పేజీ అడుగున ఇద్దరూ సంతకాలు పెడితే వచ్చే సోమవారం మేస్త్రీలు వస్తారు, ఇంటి లోపలి పద్నాలుగు మెట్లూ పగలగొడతారు, పైకప్పులో మెట్ల కోసం వదిలిన ఖాళీని కాంక్రీటుతో పూడ్చేస్తారు, కింది ఇల్లు ఆమెది, పై ఇల్లు తమ్ముడిది, రెంటికీ నడుమ దారి ఉండదు. అమ్మ వీలునామాలో కింది అంతస్తు అమ్మాయికి, పై అంతస్తు అబ్బాయికి, మెట్లు మాత్రం ఇద్దరికీ ఉమ్మడి అని రాయించి పోయింది. ఉమ్మడి అన్న ఆ ఒక్క మాటను కొట్టేయడానికే ఇంత దూరం వచ్చారు. ఆమె సంతకం పెట్టడానికే వచ్చింది. నమూనాలో నాలుగు తప్పులు అప్పుడే కంటబడ్డాయి, పెన్సిలుతో దిద్ది పెట్టుకుంది కూడాను, రెండో పేజీలో 'విభజన'కు ఒత్తు పడలేదు. తప్పులు లేని కాగితం మీదైతే తెగతెంపులు కాస్త మర్యాదగా ఉంటాయని కాబోలు.

ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నది ఇదే, ఇతరులు రాసిన వాక్యాల్లో పొరపాట్లు ఏరడం, ప్రెస్సులో వెనక నుంచి అచ్చుతప్పమ్మ అంటారని ఆమెకు తెలుసు, మొహం మీద అన్నా ఏమీ అనుకునేది కాదు. ఇంటికి వచ్చిన నోటీసును కూడా కళ్ళద్దాలు పెట్టుకుని ఎర్రకలం తీసుకునే చదవడం మొదలుపెట్టింది, అలవాటు అటువంటిది. ఆ నోటీసు తమ్ముడు దస్తావేజుల రైటరు దగ్గర కూర్చుని రాయించింది. కాగితం మడత విప్పగానే మొదట గుచ్చుకున్నది మీరు అన్న మాట. పుట్టి యాభై ఏళ్ళలో వాడు ఆమెను మీరు అన్నది లేదు, ఒకే పళ్ళెంలో తిన్నవాడు, జ్వరం వస్తే ఆమె పమిట కొంగు పట్టుకునే నిద్రపోయినవాడు. సరే, అది రైటరు మర్యాదలే అని సర్దుకుంది. రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది. 'మా మెట్లను మీరు అడ్డగించినందున.' మా మెట్లు. మన మెట్లు అనలేదు, అమ్మ ఇద్దరికీ ఇచ్చిన మెట్లు అనలేదు, మా అన్నాడు, అంటే వాడు, వాడి భార్య, వాడి పిల్లలు, వాళ్ళందరూ ఒక గిరి గీసుకుని లోపల నిలబడ్డారు, ఆమె గిరి బయట; ఎన్ని భాషలకు ఉందో లేదో గాని ఈ భాషకు మాత్రం ఆ సౌకర్యం ఉంది, మనం అని చేతులు చాచవచ్చు, మేం అని తలుపు వేయవచ్చు, అక్షరం అటూ ఇటూ అయితే మనిషి లోపలో బయటో తేలిపోతుంది. అక్షరాల మీదే ముప్ఫై ఏళ్ళు బతికినదానికి ఆ ఒక్క అక్షరం చాలదూ. కాగితం మొత్తం మీద పదకొండు చోట్ల గుర్తులు పెట్టింది, దీర్ఘాలు, ఒత్తులు, ఒక చోట కర్త లేని వాక్యం. పదకొండోది ఆ మా. దాని చుట్టూ సున్నా చుట్టి, అంచున ప్రశ్న గుర్తు వేసి, ఇంకేమీ రాయకుండా కవరులో పెట్టి తిరిగి పంపేసింది. జవాబు రాలేదు. వస్తుందనీ అనుకోలేదు. అనుకోలేదా? తలుపు చప్పుడైనప్పుడల్లా ప్రూఫు మీద వేలు పెట్టి ఆగిన పంక్తులు ఎన్ని.

గొంతు కొంచెం హెచ్చింది, నాన్న, మేస్త్రీ, అన్న రెండు మాటలు తెగి వచ్చాయి, ఏడో మెట్టు సంగతి చెబుతున్నాడన్నమాట. ఆ ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ కొలత తప్పాడు, ఆరు మెట్లు పోసేశాక మిగిలిన ఎత్తు చూసుకుంటే ఎక్కడో ఒక అంగుళం మిగిలిపోయింది, దాన్ని తీసుకెళ్ళి ఏడో మెట్టులో కలిపేశాడు. నాన్న అరిచాడు గాని పగలగొట్టించలేదు, పోనీలే, మన కాళ్ళే నేర్చుకుంటాయి అన్నాడు. నేర్చుకున్నాయి. చీకట్లోనైనా, చేతినిండా బట్టలు ఉన్నా, నిద్రకళ్ళతోనైనా ఏడో మెట్టు దగ్గర పాదం దానంతట అదే మరో అంగుళం లేస్తుంది. ఆ మెట్ల కిందనే, గోడ మీద, ఆరేళ్ళ తమ్ముడు సుద్దముక్కతో లిఫ్టుకున్నట్టు రెండు గుండీలు గీశాడు, ఒకటి పైకి, ఒకటి కిందికి. ఆమె నొక్కాలి, నొక్కితే వాడు నోటితో గర్రుమని చప్పుడు చేస్తూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని పైకి లాక్కుపోవాలి, మధ్యలో కరెంటు పోయిందని ఏడో మెట్టు మీద నిలబెట్టేసేవాడు, ఎంత బతిమాలినా కదలనిచ్చేవాడు కాదు, అమ్మ వంటింట్లోంచి కరెంటు వచ్చిందిరా అని కేకేస్తే తప్ప. పెద్దయ్యాక అదే వాడి పనైంది, ఊరందరి ఇళ్ళలో లిఫ్టులు బాగుచేసే మనిషి తన ఇంట్లో పద్నాలుగు మెట్లెక్కుతాడని ఇరుగుపొరుగు నవ్వేవారు. వాడూ నవ్వేవాడు, "మా ఇంట్లో లిఫ్టు పాడై నలభై ఏళ్ళయిందండీ, మెకానిక్కు దొరకట్లేదు" అని. మా ఇంట్లో అనేవాడు. అప్పుడు ఆ మా ఎవరిది, అని ఎందుకో ఇప్పుడు అనిపించి, అనిపించింది నిలవకుండానే జారిపోయింది, ఎందుకంటే అమ్మ గుర్తొచ్చింది, చివరి ఏడాది అమ్మ మూడో మెట్టు మీదే కూర్చునేది, కిందికీ పైకీ ఒకే దూరం అని, అక్కణ్ణుంచే ఇద్దర్నీ పిలిచేది, పేరు ముందు ఎవరిది వస్తే వాళ్ళు రావాలి, వచ్చాక ఎందుకు పిలిచిందో మరిచిపోయేది, వచ్చినవాళ్ళు ఊరికే పక్కన కూర్చునేవారు.

పెద్దావిడ కుర్చీ కిర్రుమంది. అక్క ఉలిక్కిపడి కాగితాలు సర్దుకుంది, మోకాలు సలుపుతోంది, దీన్ని చాచుకుంటే ఎదుటివాళ్ళకు అమర్యాదేమో. గొడవ మొదలైంది నిఘంటువు వల్ల, ఆ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. రెండు వేల పేజీల నిఘంటువు, ఫారం అంటే పదహారు పేజీల అచ్చుకాగితం, వరస ఒక్కటి తప్పినా పదాలు ఇల్లు మారిపోతాయి; బల్ల చాలక ఆమె మెట్టుకొక ఫారం చొప్పున పరుచుకునేది, కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా అక్షరక్రమంలో, నడుము వంచకుండా నిలబడి చూసుకోవడానికి మెట్లకు మించిన బల్ల లేదు. ఆ మధ్యాహ్నం ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారని తమ్ముడికి కబురొచ్చింది, పరుగున దిగాడు, గ్రీజు బూట్లు, ఒకటి రెండు కాదు తొమ్మిది ఫారాల మీద అడుగులు. వాడు తిరిగొచ్చేసరికి ఆమె ఆ తొమ్మిదింటినీ గుమ్మంలో పరిచి పెట్టింది, సాక్ష్యం కింద. "ఇది దారక్కా, బల్ల కాదు" అన్నాడు వాడు. అలసిపోయి ఉన్నాడు, ముగ్గుర్ని బయటికి లాగి వచ్చాడు, అది ఆమెకు తరవాత మరదలు చెబితే తెలిసింది. "దారని తెలిసినవాడు చూసి నడవాలి" అంది ఆమె. "నువ్వు పరిస్తే నేను ఎగరాలా?" "ఎగురు." "అయితే మూసెయ్, నాకెందుకు నీ మెట్లు" అని పైకెళ్ళిపోయాడు. నీ మెట్లు అన్నాడు, అదొకటి. మర్నాడు ఆమె పుస్తకాల బీరువాను మొదటి మెట్టుకు అడ్డంగా జరిపింది, జరపడానికి గంట పట్టింది, మోకాలు ఆ రోజునుంచే పోయింది, ఎవరికీ చెప్పలేదు. వాడు నాలుగు రోజులు కిటికీకి నిచ్చెన వేసుకుని దిగి, ఐదో రోజుకు పెరటివైపు ఇనప మెట్లు తానే వెల్డింగు చేసుకున్నాడు. అప్పట్నుంచి వాడి రాకపోకలు ఆమెకు ఇనప చప్పుడే, ఠంగుఠంగుమని ఒకే తీరు. లోపలి మెట్లయితే అడుగును బట్టి చెప్పగలిగేది, ఇవాళ పని బాగా సాగింది, ఇవాళ ఎవరో మాటన్నారు, ఇవాళ ఆకలిగా ఉన్నాడు అని. ఇనుముకు ఆ తేడాలు తెలియవు. మెట్ల కింద నుంచుని పైకి చూస్తే పై చివర తలుపు సందున సన్నటి వెలుగు కనబడేది, అక్కడ నీడ కదిలితే ఎవరో ఆగి కిందికి చూస్తున్నారనిపించేది, బీరువా పుస్తకాల మధ్య నుంచి ఎంతని కనబడుతుంది, పిల్లలేనేమో, గాలేనేమో.

"...ఆ సంగతి మా అమ్మకి తెలుసండీ" అన్న మాట ఇప్పుడు స్పష్టంగా వచ్చింది, గొంతు కుదుటపడింది వాడికి, పని చెప్పేటప్పటి గొంతు. మా అమ్మ. అవును, మధ్యవర్తికి అమ్మ కాదు గనక మా అమ్మ అంటాడు, ఆమె అయినా అంతే అంటుంది, ఇందులో ఏముంది. ఇందులో ఏమీ లేదు గాని ఆ మాట చెవి దగ్గరే ఆగింది, ప్రూఫులో సరిగ్గానే ఉన్న పదం మీద ఒక్కోసారి కలం ఊరికే ఆగినట్టు. మధ్యవర్తి ఏదో అడిగింది, పడగొట్టడానికి మీకు పూర్తిగా ఇష్టమేనా అన్నట్టు వినబడింది. "పడగొడితే అక్కకి కింద చోటు కలిసొస్తుందండీ, పెద్ద బల్ల వేసుకుంటుంది" అన్నాడు తమ్ముడు. తరవాత నవ్వాడు, ఆ నవ్వు ఎనిమిది నెలల తరవాత చెక్కగోడ దాటి వచ్చింది, "ఇంతకీ అదేం గొప్ప మెట్లనుకునేరు. మేస్త్రీ తప్పు చేసిన మెట్లు. పెళ్ళైన కొత్తలో మా ఆవిడ ఏడో మెట్టు దగ్గర ఎన్నిసార్లు పడబోయిందో లెక్కలేదు, ఇప్పటికీ కాలు తట్టుకుంటూనే ఉంటుంది. పిల్లలూ అంతే, పరిగెడతారు, తట్టుకుంటారు. మాకు తట్టుకోదు."

మాకు తట్టుకోదు. మాకు అంటే ఎవరికి, భార్యకు తట్టుకుంటుందని ఇప్పుడే చెప్పాడు, పిల్లలకు తట్టుకుంటుందన్నాడు, ఎదురుగా కూర్చున్న మధ్యవర్తి ఆ ఇల్లే చూడలేదు, అమ్మా నాన్నా లేరు. ఒక్కొక్కర్నే తీసేసుకుంటూ పోతే, తీసివేతలో చివర మిగిలినట్టు, లోకం మొత్తం మీద ఏడో మెట్టు దగ్గర అంగుళం ఎత్తు ఎరిగిన పాదాలు నాలుగే, రెండు లోపల ఉన్నాయి, రెండు ఈ బల్ల కింద చెప్పుల్లో ఉన్నాయి. మాకు అంటే అక్కకూ నాకూ. వినేది మధ్యవర్తి గనక మనకు అనలేడు, మన అంటే ఆవిడ కూడా కలుస్తుంది, అందుకని మా. భాషకు వాడు ఏ లోటూ చేయలేదు. మరి ఆ రోజు రైటరు ముందు? రైటరు ముందు కూడా వాడు ఇలాగే కూర్చుని ఉంటాడు, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, మా మెట్లండీ, మా నాన్న కట్టించినవి, మా అక్క బీరువా అడ్డంపెట్టింది అని చెప్పి ఉంటాడు, మా మెట్లంటే మా ఇద్దరివీ అని, రైటరువి కావు గనక రైటరుకు చెప్పేటప్పుడు మా. రైటరు ఆ మాటను ఉన్నదున్నట్టు కోసి, అక్కను మీరుగా మార్చి, ఆమె పేరు మీద కవరులో పెట్టేశాడు. వాక్యం చెప్పినవాడు ఒకర్ని చూస్తూ చెప్పాడు, చేరింది ఇంకొకరికి. దారిలో గిరి జరిగిపోయింది, అంతే, లోపలున్న మనిషి బయటికి వచ్చేసింది. ఎవరికి చెబుతున్నాడో చూడకుండా సర్వనామాన్ని చదవకూడదని కొత్తగా చేరిన ప్రూఫురీడర్లకు మొదటి వారంలోనే చెబుతుంది, ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటుంది, మేం, మనం అన్నది రాసినవాణ్ణి బట్టే కాదు తల్లీ, చదివేవాణ్ణి బట్టి కూడా అని. తన కవరు దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం ఎక్కడ పెట్టింది. సంతోషం అని పేరు పెట్టుకోవడానికి మొహం చెల్లలేదు, సిగ్గూ ఉంది, ఎనిమిది నెలల ఇనప చప్పుడంతా చెవుల్లో ఒక్కసారి మోగింది, మరదలు పండగ బట్టలు చూపించడానికి పెరట్లో నిలబడి పిలిచినప్పుడు కిటికీ తెరవకపోవడం, చిన్నపిల్ల ఇనప మెట్ల మీద కూర్చుని అత్తా అంటే ఫారం మీదనుంచి తలెత్తకపోవడం. ఒక్క అక్షరం. కాదు, అక్షరం తప్పు కాదు, అది సరిగ్గానే ఉంది, దిద్దినది తప్పు. ముప్ఫై ఏళ్ళలో సరైన మాటకు గుర్తు పెట్టడం ఇదే మొదలు.

"ఇప్పుడు మీరమ్మా" అంది పెద్దావిడ. లేవబోతే మోకాలు పట్టేసింది, రిజిస్టరు పక్కన పెట్టి ఆవిడే వచ్చి మోచెయ్యి పట్టుకుంది, "వినబడినట్టుందే" అని చెవిలో అని, తలుపు తోసింది.

గది చిన్నది, గుండ్రటి బల్ల, మూడు కుర్చీలు, నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకున్న మధ్యవర్తి, ఆవిడ ముందు ఆ నోటీసు, ఎర్రగుర్తులతో, అంచులు నలిగి, ఎన్నిసార్లు మడిచి విప్పితే కాగితం అలా గుడ్డలా మెత్తబడుతుందో. తమ్ముడు జేబులో పెట్టుకు తిరిగాడన్నమాట. అతను కుర్చీ ఒకటి కాలితో ఆమె వైపు జరిపాడు, తల ఎత్తలేదు. విడిగా మాట్లాడాలా అని మధ్యవర్తి అడిగితే అక్కర్లేదంది.

"ఇది మీరు దిద్దిందే కదా? పదకొండు. పది నాకు అర్థమయ్యాయి" అంది మధ్యవర్తి, "ఈ సున్నా ఏంటి?"

"అది నేను చెప్తానండీ" అన్నాడు తమ్ముడు. "'మా' అన్న మాటకి సున్నా చుట్టింది. అంటే 'మా' లేదు, కొట్టెయ్ అని. అక్కా తమ్ముడూ ఏం లేదు అని. నేను చదువుకోలేదు గాని ఆ మాత్రం తెలుసు." అప్పుడు ఇటు తిరిగాడు. "అంతే కదక్కా?"

వాడు ఆ సున్నాను ఇన్నాళ్ళూ అలా చదివాడు; ఆమె వాడి మాటలో తాను లేననుకుంటే, వాడు ఆమె సున్నాలో తాను లేననుకున్నాడు, ఒకే అక్షరానికి చెరో వైపున నిలబడి ఇద్దరూ ఎదుటివాళ్ళు తలుపేశారనుకున్నారు. "కాదురా" అంది. "సున్నా చుట్టి ప్రశ్న గుర్తు వేస్తే కొట్టెయ్యమని కాదు. ఈ మాట సంగతేంటో రాసినవాణ్ణి అడిగి తెలుసుకోవాలని గుర్తు."

"మరి అడగలేదేం?"

ప్రెస్సులో ఏ రచయితా ఆమెను ఇంత తిన్నగా నిలదీయలేదు. అడగలేదు. ఎందుకంటే, అని మొదలుపెట్టి, ఎందుకంటేలు అన్నీ లోపలే పడిపోతుంటే చూసి, "తప్పు నాది" అంది. "మా మెట్లంటే నన్ను తీసేశావనుకున్నాను. నువ్వు నన్ను తీసెయ్యలేదు. నేనే సరిగ్గా చదవలేదు."

తమ్ముడు నోటీసును తన వైపు లాక్కుని ఆ సున్నాలోకి చూశాడు. "నిన్ను తీసేస్తే మెట్లెవరివే?" అన్నాడు, చిన్నప్పటి గొంతుతో, నిజంగానే అర్థం కానట్టు.

మధ్యవర్తి ఒడంబడిక నమూనాను పక్కన పెట్టి తెల్లకాగితం తీసింది. "అయితే ఏం రాయమంటారు?"

"పడగొట్టొద్దు" అంది అక్క. "బీరువా తీసేస్తాను. వాడు రోజుకొకసారైనా ఆ మెట్ల మీంచి నడవాలి. అది రాయండి."

"ఒకసారేంటి? దిగాక మళ్ళీ ఎక్కొద్దా? పైన కాపురం లేదూ నాకు?"

"సరే, రెండుసార్లు."

"మరి నీ కాగితాలో? నే దిగితే గుమ్మంలో పంచనామా చేస్తావు."

"చూసి దిగు."

"లిఫ్టులో మనుషులు ఊపిరాడక అరుస్తుంటే నేను నీ అక్షరమాల చూసుకుంటూ దిగాలా?" ముందుకు వంగి బల్ల మీద వేలితో గీత గీశాడు. "మెట్టు వెడల్పు మూడడుగులు. నీ కాగితం అడుగున్నర. గోడవైపు నువ్వు పరుచుకో, పట్టుకునే కటకటాల వైపు నేను నడుస్తా. ఇదే రాసుకోండి మేడమ్."

"గోడవైపు నీకు" అంది అక్క. "కటకటాల సందుల్లోంచి గాలికి ఎగరకుండా నేను బరువులు పెట్టుకుంటాను. నువ్వు పరిగెత్తుకుంటూ దిగి, ఆ ఊగే కటకటాలు పట్టుకుంటే ఊడిపోతాయి."

"ఊడితే బిగిస్తా, నాది అదే పని. కటకటాలు పట్టుకోవాల్సింది నువ్వు! ఆ మోకాలేంటి? ఎప్పట్నుంచి? నాకెవరూ చెప్పరే?"

"నువ్వడిగావా?"

"నువ్వు చెప్పావా? బీరువా ఒక్కదానివే జరిపావని నాకు ఇప్పటిదాకా తెలీదనుకుంటున్నావా, నేల మీద గీతలు పై నుంచి కనబడవనుకుంటున్నావా?"

"అంటే పై నుంచి చూస్తూ నుంచున్నావన్నమాట!"

"నుంచుంటా. నా మెట్లు."

"ఎవరి మెట్లు?"

గోడవైపా కటకటాల వైపా అని మధ్యవర్తి రెండుసార్లు అడిగింది, ఇద్దరిలో ఎవరికీ వినబడలేదు. కాసేపు చూసి, కలానికి మూత పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, వాళ్ళు తేల్చుకునేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.